తారాజువ్వకు ఇనుప గొట్టం తొడిగినవాళ్ళు

దీపావళికి మన వీధుల్లో పిల్లలు కాల్చే తారాజువ్వను ఎప్పుడైనా విప్పి చూశారా? లోపల ఒక కాగితం గొట్టం, దాని నిండా దట్టించిన మందు, అడుగున చిన్న బొక్క, పక్కన కట్టిన సన్నటి పుల్ల. అంతే, ఇంకేమీ ఉండదు. ఆ కాగితం గొట్టం తీసేసి దాని బదులు ఇనుప గొట్టం పెడితే ఏమవుతుందో రెండు వందల యాభై ఏళ్ళ కిందట మన కర్ణాటకలోనే చేసి చూపించారు. దాన్ని చూసి ఇంగ్లీషువాళ్ళు నేర్చుకున్నారు. వాళ్ళను చూసి యూరప్ అంతా నేర్చుకుంది. ఇవాళ చంద్రుడి మీదికి పోయే రాకెట్ కూడా ఆ వంశంలోదే.

ఆ పాత ఇనుప గొట్టాలు ఎక్కడో ఇంగ్లండులోనే కాదు, శివమొగ్గలో కూడా ఉన్నాయి. దసరా సెలవుల్లో మన క్యాంపు నుంచి పన్నెండు మందిమి పోయి చూసొచ్చాం. మిల్లు పనివాళ్ళం ఆరుగురం, మిగతావాళ్ళు ఆడవాళ్ళు, పిల్లలు. "మీరు చూసింది నలుగురికీ చెప్పండి" అని మన పత్రికవాళ్ళు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను పండితుణ్ణి కాదు. రైస్ మిల్లులో ఇరవై రెండేళ్ళుగా బాయిలర్ దగ్గర పనిచేస్తున్నవాణ్ణి. నిప్పు గురించి, ఒత్తిడి గురించి నాకు తెలిసినంతలో ఆ గొట్టాలు నాకు ఎట్లా అర్థమయ్యాయో అట్లానే చెబుతాను.

బావిలో దొరికిన గొట్టాలు

సింధనూరులో రాత్రి బస్సెక్కి గంగావతి, హోసపేట మీదుగా పోయాం. ఆడవాళ్ళకు శక్తి పథకం కింద మామూలు సర్కారు బస్సుల్లో టికెట్టు లేదు కదా, సగం ఖర్చు అక్కడే కలిసొచ్చింది. ఆధార్ కార్డు మాత్రం మరిచిపోవద్దు.

శివమొగ్గలో మ్యూజియం ఉన్నది శివప్ప నాయకుడి ప్యాలెస్ అని అందరూ పిలిచే పాత భవనంలో. పెద్ద పెద్ద చెక్క స్తంభాలు, పైన పెంకులు, చుట్టూ తోట. తోటలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెచ్చిన రాతి విగ్రహాలు, వీరగల్లులు. శివప్ప నాయకుడు పదిహేడో శతాబ్దపు కెళది రాజు. పేరు ఆయనదే అయినా, ఇప్పుడున్న కట్టడం తర్వాతి కాలంలో హైదర్ అలీ నాటిదని చరిత్ర తెలిసినవాళ్ళు అంటారు.

మేము ఇంత దూరం పోయింది మాత్రం ఇనుప గొట్టాల కోసం. చూడగానే మా హమాలీ బావ అన్న మాట: "ఇదేంది బావా, పాత సైలెన్సర్ ముక్కల్లా ఉన్నాయి!" నిజమే, అట్లానే ఉన్నాయి. తుప్పు పట్టి, మట్టి రంగులో, జానెడు పైన పొడవు. పన్నెండు నుంచి పధ్నాలుగు అంగుళాలు. చేతిలో పట్టేంత లావు. వీటి కోసమా ఇంత దూరం వచ్చామని పిల్లలు మొహాలు చూసుకున్నారు.

వీటి కథ వింటే గానీ వీటి విలువ తెలియదు. శివమొగ్గ జిల్లా హోసనగర తాలూకాలో నగర అని ఒక ఊరుంది. పాత పేరు బిదనూరు. అక్కడ 2002లో ఒక పాడుబడ్డ బావిలో మట్టి తీస్తుంటే ఇట్లాంటివి నూట అరవై దాకా దొరికాయి. మొదట అవేంటో ఎవరికీ అంతు పట్టలేదు. ఫిరంగి గుండ్లు అనుకుని మ్యూజియంలో పెట్టారు. కొన్నేళ్ళు గడిచాక గానీ అవి రాకెట్లని తేలలేదు. తర్వాత 2018 జులైలో పురావస్తు శాఖవాళ్ళు మళ్ళీ అదే ఊళ్ళో బావి తవ్వించారు. మట్టి తీస్తున్నప్పుడు మందుగుండు వాసన వచ్చిందట. ఆ మట్టిలోంచి వెయ్యికి పైగా రాకెట్లు బయటపడ్డాయి. ఒక్కచోట ఇన్ని రాకెట్లు దొరకడం మాటలు కాదు. లండన్‌లో వూలిచ్ అనే చోట ఉండిన ఫిరంగి దళంవాళ్ళ సేకరణలో మైసూరు రాకెట్లు రెండంటే రెండే మిగిలాయని ఎప్పటినుంచో లెక్క.

బిదనూరులోనే ఎందుకు దొరికాయంటే దానికీ కారణం ఉంది. 1763లో హైదర్ అలీ ఆ ఊరిని గెలుచుకున్నాడు. హైదర్‌నగర్ అని పేరు పెట్టాడు. అక్కడ నాణేల టంకశాల పెట్టాడు, ఆయుధాల కార్ఖానా పెట్టాడు. ఆ కార్ఖానాలో చాలామంది పనివాళ్ళు ఆయుధాలు, మందుగుండు తయారుచేసేవాళ్ళు. అంటే మనం చూసిన గొట్టాలు ఒక కార్ఖానా సరుకు అన్నమాట. మన మిల్లు గోడౌన్లో బస్తాలున్నట్టు అవీ ఒకప్పుడు వరసగా పేర్చి ఉండేవి.

బాయిలర్ తెలిసినవాడికి రాకెట్ తెలుసు

పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పాను. మన మిల్లులో ఊక వేసి మంట పెడతాం. నీళ్ళు ఆవిరవుతాయి. ఆవిరికి బయటికి పోయే దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. గట్టి ప్లేటు కాబట్టి బాయిలర్ తట్టుకుంటుంది. అదే పలచటి రేకు డబ్బాలో అంత ఒత్తిడి పెడితే పగిలిపోతుంది.

రాకెట్ కూడా అంతే. గొట్టంలో ఉండే మందు సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన పొడి. దానికి నిప్పంటుకుంటే క్షణంలో వేడి గాలి పుడుతుంది. ఆ గాలి అడుగున ఉన్న చిన్న బొక్కలోంచి వెనక్కి తన్నుకుంటూ పోతుంది. గాలి వెనక్కి పోతే గొట్టం ముందుకు పోతుంది. గాలి ఊదిన బుడగను మూతి కట్టకుండా వదిలితే ఇల్లంతా తిరుగుతుంది కదా, అదే సూత్రం.

ఇప్పుడు కాగితం గొట్టానికీ ఇనుప గొట్టానికీ తేడా ఏమిటో చూడండి. కాగితం ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేదు. మందు ఎక్కువ దట్టిస్తే అక్కడికక్కడే పేలుతుంది. అందుకే యూరప్‌లో ఎన్నో వందల ఏళ్ళ నుంచి రాకెట్లు ఉన్నా అవి ఎక్కువగా పండగ సరుకుగానే ఉండేవి. ఇనుప గొట్టంలో మందు గట్టిగా దట్టించవచ్చు. లోపల ఒత్తిడి ఎక్కువ, బయటికి పోయే గాలి వేగం ఎక్కువ, కాబట్టి పోయే దూరమూ ఎక్కువ. మైసూరు రాకెట్లు కిలోమీటరు దూరం సులువుగా పోయేవి. కొన్ని రెండు కిలోమీటర్ల దాకా పోయేవని లెక్కలున్నాయి.

ఒట్టి గొట్టం తిన్నగా పోదు, గిరగిరా తిరిగి పడుతుంది. అందుకే దానికి తోక కట్టారు. మన తారాజువ్వకు పుల్ల ఉన్నట్టే. ఆ వూలిచ్ సేకరణలోని రెండింటిలో ఒకదాని గొట్టం 58 మిల్లీమీటర్ల లావు, 254 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని మీటరు పొడవున్న కత్తికి తోలు పట్టీలతో బిగించారు. రెండోది 37 మిల్లీమీటర్ల లావు, 198 మిల్లీమీటర్ల పొడవు. దానికి దాదాపు రెండు మీటర్ల వెదురు గడ కట్టారు. బెంగళూరు శాస్త్రవేత్త రొద్దం నరసింహ గారు ఈ రాకెట్ల మీద ప్రత్యేకంగా పరిశోధన చేసి 1985లో రాశారు. ఆయన విమానాల శాస్త్రంలో చాలా పెద్దాయన, 2020లో కాలం చేశారు.

ఇదంతా విని మా మేనల్లుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "మామయ్యా, ఇనుము గట్టిదైతే బరువు కూడా ఎక్కువ కదా, మరి ఎగరడం కష్టం కాదా?" నిజమే. అందుకే గొట్టం మందం సరిగ్గా కుదరాలి. మరీ పలచన అయితే పగులుతుంది, మరీ దళసరి అయితే లేవదు. ఆ కొలత ఎవరికి తెలుసు? రాజుకు తెలియదు, సేనాపతికి తెలియదు. కొలిమి దగ్గర కూర్చుని రేకును సుత్తితో సాగగొట్టి, చుట్టి, అతికిన కమ్మరికి తెలుసు.

యుద్ధంలో ఏం జరిగింది

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరు అనే చోట హైదర్ అలీ, ఆయన కొడుకు టిప్పు సైన్యం కల్నల్ బెయిలీ నడిపిన ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ఓడించింది. ఆ యుద్ధంలో కంపెనీవాళ్ళ మందుగుండు బండ్లు పేలిపోయాయి. రాకెట్ తగిలే పేలాయని చాలామంది రాశారు. బెయిలీ పట్టుబడి శ్రీరంగపట్నంలో ఖైదీగానే చనిపోయాడు. ఈ యుద్ధం బొమ్మ శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ గోడ మీద ఇప్పటికీ చూడొచ్చు.

టిప్పు కాలానికి రాకెట్ దళం పెద్దదైంది. సైన్యంలో ఒక్కో దళానికి రెండు వందల మంది రాకెట్ మనుషులు ఉండేవాళ్ళు. 1799 ఏప్రిల్‌లో శ్రీరంగపట్నం ముట్టడి మొదలైనప్పుడు ఒక రాత్రి సుల్తాన్‌పేట తోపులోకి చొచ్చుకొచ్చిన ఇంగ్లీషు దళం రాకెట్లకూ తుపాకులకూ బెదిరి చీకట్లో చెల్లాచెదురైంది. ఆ దళాన్ని నడిపింది కల్నల్ వెల్లస్లీ. తర్వాత నెపోలియన్ను ఓడించి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయినవాడు ఇతనే. కానీ రాకెట్లు కోటను కాపాడలేకపోయాయి. 1799 మే 4న కోట పడింది, టిప్పు చనిపోయాడు. కోటలో దొరికిన రాకెట్లలో కొన్ని సముద్రం దాటి ఇంగ్లండుకు పోయాయి.

టిప్పు పేరెత్తితే మన వీధుల్లోనే రెండు మాటలుంటాయి. తుంగభద్ర అవతల మన ఆదోనిని 1786లో ముట్టడించింది ఆయనే. ఇంగ్లీషువాళ్ళతో పోరాడి చనిపోయిన వీరుడని కొందరు, మా తాతముత్తాతలను కష్టపెట్టినవాడని కొందరు అంటారు. మాలో కూడా బస్సులో ఈ వాదన గట్టిగానే నడిచింది. నేను అందులోకి దిగను. నేను చూసింది ఇనుమును. ఆ ఇనుము కొట్టినవాళ్ళు ఏ రాజు దగ్గర ఉన్నా అదే సుత్తి, అదే కొలిమి, అదే కూలి.

అక్కడి నుంచి లోకం మీదికి

ఇంగ్లండులో విలియం కాంగ్రీవ్ అనే ఆయన 1804 ప్రాంతంలో రాకెట్ల మీద పని మొదలుపెట్టాడు. వూలిచ్ ఆయుధశాలలో ప్రయోగాలు చేసి ఇనుప గొట్టంతోనే పెద్ద రాకెట్లు చేశాడు. వాటిని 1806లో ఫ్రాన్సులోని బులోన్ మీద, 1807లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ మీద వేశారు. కోపెన్‌హేగన్‌లో ఊరు తగలబడింది, మామూలు జనం చచ్చిపోయారు. 1814లో అమెరికాలోని బాల్టిమోర్ కోట మీద కూడా ఇవే వేశారు. ఆ రాత్రి ఆకాశంలో ఎర్రగా వెలిగిన రాకెట్లను చూసి ఒకాయన రాసిన పాటే అమెరికా జాతీయగీతం అయింది. అంటే బిదనూరు కొలిమి వెలుగు అమెరికా జాతీయగీతంలో కూడా ఉంది అనుకోవచ్చు.

ఆ తర్వాత ఫిరంగులు మెరుగుపడ్డాయి, రాకెట్లు వెనకబడ్డాయి. మళ్ళీ అవి పైకి లేచింది రెండో ప్రపంచ యుద్ధంలో. జర్మనీలో బాల్టిక్ సముద్రం ఒడ్డున పీనెముండే అనే ఊళ్ళో హిట్లర్ సైన్యం కోసం వి-2 అనే రాకెట్ తయారుచేశారు. 1942 అక్టోబరు 3న అది మొదటిసారి సరిగ్గా ఎగిరింది. ఎనభై కిలోమీటర్లకు పైగా ఎత్తు పోయింది. మనిషి చేసిన వస్తువు అంత ఎత్తుకు పోవడం అదే మొదలు.

ఇప్పుడు ఆ పీనెముండేలో కూడా మ్యూజియం ఉంది. అది పెట్టింది ఎక్కడో తెలుసా? అప్పటి కరెంటు కేంద్రంలో, బొగ్గుతో నడిచిన పవర్ హౌసులో. మన శక్తినగర్ థర్మల్ స్టేషన్ లాంటిదే అనుకోండి, దానికంటే చాలా చిన్నది. నేను అక్కడికి పోలేదు, పోగలనని కూడా అనుకోను. దాని గురించి చదివినప్పుడు మాత్రం ఒక సంగతి గుండెలో గుచ్చుకుంది. అది మన పాఠకులకు చెప్పాలనే ఈ వ్యాసం ఒప్పుకున్నాను.

1943 ఆగస్టులో ఇంగ్లీషు విమానాలు పీనెముండే మీద బాంబులు వేశాక వి-2 తయారీని ఒక కొండ కింది సొరంగాల్లోకి మార్చారు. అక్కడ పనిచేయించింది ఖైదీలతో. దోరా అనే నిర్బంధ శిబిరం నుంచి తెచ్చిన మనుషులు. రష్యావాళ్ళు, పోలండ్‌వాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంకా ఎన్నో దేశాలవాళ్ళు. మొదట్లో పడుకోవడం కూడా ఆ సొరంగాల్లోనే, దుమ్ములో, తేమలో, వెలుతురు లేకుండా. ఆ శిబిరానికి అరవై వేల మందిని తెస్తే ఇరవై వేల దాకా చనిపోయారు. వి-2 రాకెట్ తగిలి చనిపోయినవాళ్ళ కంటే దాన్ని తయారుచేస్తూ చనిపోయినవాళ్ళే ఎక్కువ. లోకంలో ఇంకే ఆయుధం గురించీ ఈ మాట నేను వినలేదు.

యుద్ధం అయ్యాక ఆ రాకెట్ చేసిన పెద్ద ఇంజినీరు వెర్నర్ ఫాన్ బ్రాన్‌ను అమెరికావాళ్ళు తీసుకుపోయారు. 1969లో చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్ రాకెట్ వెనక ఉన్నది ఆయనే. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. సొరంగంలో చనిపోయినవాళ్ళ పేర్లు ఎందరికి తెలుసు?

"కొట్టింది ఎవరు?"

శివమొగ్గలో మా చిన్నమ్మాయి అడిగింది కూడా ఇదే. తను పదో తరగతి, కన్నడ మీడియం. అక్కడున్న ఉద్యోగితో కన్నడలో అడిగింది, "ఇవి ఎవరు చేశారు సార్?" ఆయన "టిప్పు సుల్తాన్" అన్నాడు. "కాదు సార్, టిప్పు చేయించాడు. కొట్టింది ఎవరు?" అంది. ఆయన మంచివాడు, నవ్వాడు. "కమ్మారరు అమ్మా. పేర్లు ఎక్కడా రాసిపెట్టలేదు" అన్నాడు.

ఆ మాట తర్వాత మావాళ్ళందరూ కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ ఒకసారి ఆ గొట్టాల దగ్గరికి పోయి చూశారు. మొదట సైలెన్సర్ ముక్కలు అన్న మా బావ ఈసారి ఒక గొట్టం అతుకు చూపించి, "ఇక్కడ చూడు, వెల్డింగ్ లేని రోజుల్లో ఎంత నీటుగా మూశాడో" అన్నాడు. పనివాడి చేతిని పనివాడే గుర్తుపడతాడు.

నిప్పు దగ్గర పనిచేసేవాడికి ప్రమాదం ఎప్పుడూ పక్కనే ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక మిల్లులో, పేరు వద్దులెండి, ఆవిరి ఎక్కువ కావాలని సేఫ్టీ వాల్వు మీద బరువు వేలాడదీశారు. వాల్వు ఎందుకుంటుంది? ఒత్తిడి హద్దు దాటితే తనంతట తను తెరుచుకుని ఆవిరి వదలడానికి. దాన్ని మూస్తే బాయిలర్ కూడా ఒక పెద్ద రాకెట్టే. ఒకరోజు పైపు అతుకు ఊడి ఆవిరి ఒక హెల్పరు మీద కొట్టింది. బతికాడు గానీ ఆ రెండు చేతులతో మళ్ళీ బస్తా ఎత్తలేదు. లెక్కల పుస్తకంలో ఆ రోజు ఎన్ని క్వింటాళ్ళు ఆడిందో రాశారు. అతని పేరు రాయలేదు.

అందుకే ఈ పత్రిక చదివే మిల్లు అన్నదమ్ములకు ఒక్క మాట. చట్టం ప్రకారం బాయిలర్‌ను సర్టిఫికెట్ ఉన్న అటెండెంటే నడపాలి. ఏటేటా తనిఖీ జరగాలి. సేఫ్టీ వాల్వును ఎవరు కట్టేయమన్నా కట్టొద్దు. ఆయుధం చేసేవాడైనా, అన్నం గింజ ఆడించేవాడైనా, పనిలో పోయిన ప్రాణం ప్రాణమే.

మన పిల్లల మాట

రాకెట్ కథ చివరికి మన తెలుగు నేల మీదికే వచ్చింది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మన దేశంలో మొదటి రాకెట్ పోయింది. చేపలు పట్టేవాళ్ళ ఊరు అది. అక్కడి చర్చినే ఆఫీసుగా చేసుకున్నారు. రాకెట్ భాగాలను సైకిల్ మీద మోసుకుపోయిన ఫోటో మీరు చూసే ఉంటారు. ఆ చర్చి కూడా ఇప్పుడు మ్యూజియమే. ఆ ఏడే అబ్దుల్ కలాం గారు అమెరికాలోని వాలప్స్ రాకెట్ కేంద్రానికి శిక్షణకు పోయారు. అక్కడి గోడ మీద ఒక బొమ్మలో రాకెట్లు వేస్తున్నవాళ్ళు నల్లటి మనుషులుగా కనిపించారట. దగ్గరికి పోయి చూస్తే అది టిప్పు సైన్యం. మన దేశం మరిచిన సంగతిని అమెరికావాళ్ళు గోడకు తగిలించుకున్నారని కలాం గారు తన జీవిత కథలో రాసుకున్నారు.

1971 నుంచి శ్రీహరికోటలో రాకెట్లు ఎగురుతున్నాయి. 1980 జులై 18న కలాం గారి నాయకత్వంలో చేసిన ఎస్ఎల్‌వి-3 అక్కడి నుంచే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దానికి ముందు ఏడాది మొదటి ప్రయత్నం సముద్రంలో పడింది. 2023 జులై 14న చంద్రయాన్-3 బయల్దేరింది కూడా అక్కడి నుంచే. ఆ దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు యానాదులు బతికేవాళ్ళు. చోటు వదిలిపోయిన వాళ్ళను కూడా ఆ కథలో గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి మన తల్లిదండ్రులకు ముఖ్యం. రాకెట్ చేయాలంటే అందరూ పెద్ద ఇంజినీర్లే కానక్కర్లేదు. ఇస్రోవాళ్ళు పది పాసై ఐటీఐ చేసినవాళ్ళను టెక్నీషియన్లుగా తీసుకుంటారు. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, మెషినిస్ట్ ఇట్లాంటి ట్రేడులకు పేపర్లో ప్రకటనలు పడతాయి. డిప్లొమా చేసినవాళ్ళకు వేరే పోస్టులుంటాయి. పోటీ ఎక్కువే, అందరికీ రాదు. కానీ ఐటీఐ చేసినవాడికి ఇస్రో రాకపోయినా ఇంకో పది చోట్ల తలుపు తెరుచుకుంటుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా మేనల్లుడు పదో తరగతి పాసయ్యాడు. "ఇంక చాలు, నాతోపాటు బస్తాలకు వస్తే రోజుకు ఇంత వస్తుంది" అని మా బావ పట్టుపట్టాడు. ఇంట్లో అప్పుంది, ఆయన మాటలోనూ న్యాయముంది. ఆకలి ముందు చదువు గురించి ఉపన్యాసం ఇవ్వడం సులువు, మొయ్యడం కష్టం. గొట్టం బరువు గురించి ఆ ప్రశ్న వేసింది ఈ పిల్లవాడే. తిరిగొచ్చేటప్పుడు హోసపేటలో టీ తాగుతూ మా బావ మెల్లగా అడిగాడు, "ఆ ఫిట్టర్ కోర్సుకు ఎన్నేళ్ళంటావ్ బావా?" రెండేళ్ళని చెప్పాను. "రెండేళ్ళు..." అని ఊరుకున్నాడు. ఈ వ్యాసం రాసేనాటికి ఇంకా ఏమీ తేలలేదు. అప్పు వాయిదా సంగతి మేము నలుగురం కూర్చుని చూస్తున్నాం. మన క్యాంపులో ఇట్లాంటి ఇళ్ళు ఇంకా ఎన్నున్నాయో మీకే తెలుసు. సాయం చేయగలిగినవాళ్ళు సాయం చేయండి, కనీసం ఫారం నింపడానికైనా.

దగ్గర్లోనే చూడాల్సింది

శివమొగ్గ పోలేనివాళ్ళు దిగులు పడక్కర్లేదు. మన రాయచూరు కోటే ఒక పెద్ద మ్యూజియం. 1520లో కృష్ణదేవరాయలు ఆదిల్‌షా చేతిలోంచి ఈ కోటను గెలుచుకున్నాడు. దక్షిణాదిలో మందుగుండు ఆయుధాలు పెద్ద ఎత్తున కనిపించిన తొలి యుద్ధాల్లో ఇదొకటి. పోర్చుగీసు తుపాకీవాళ్ళు కోట గోడ మీది సైనికులను కాలుస్తుంటే, కింద రాయల మనుషులు గడ్డపారలతో గోడ రాళ్ళు పీకారు. పీకిన రాయి సైజును బట్టి డబ్బులిచ్చారని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. పీస్ రేటు మన మిల్లులతో పుట్టింది కాదు, అప్పటికే ఉంది! ఆ రేటుకు ఎంతమంది గోడ కింద ప్రాణాలు పోగొట్టుకున్నారో ఆ రాళ్ళకే తెలుసు.

అదే కోట గోడలో నలభై అడుగులు దాటిన ఒక పెద్ద రాతి పలక ఉంది. 1294లో కాకతీయుల కాలంలో గోరె గన్నయ్య రెడ్డి మంత్రి విఠలుడు ఈ కోట కట్టించాడని దాని మీద శాసనం ఉంది. దానితోపాటు ఒక బొమ్మ చెక్కారు. అంత పెద్ద రాయిని గనిలోంచి ఎట్లా తెచ్చారో ఆ బొమ్మలో ఉంది. ముందు బారుగా పశువులు, రాయిని మోసే బండి, వెనక చక్రాలకు మీటలు వేసి నెడుతున్న మనుషులు. శాసనాల్లో రాజుల పేర్లు, మంత్రుల పేర్లు ఎన్నో చూస్తాం. మోసినవాళ్ళను కూడా రాయి మీద చెక్కింది చాలా తక్కువ చోట్ల.

పిల్లల్ని తీసుకుపోయి ఆ బొమ్మ చూపించండి. శివమొగ్గ పోయేవాళ్ళు మ్యూజియం సెలవు రోజు ముందే కనుక్కుని, పొద్దున్నే చేరేటట్టు చూసుకోండి. అక్కడ గొట్టాల ముందు నిలబడినప్పుడు పిల్లలు ఏ రాజువి, ఏ యుద్ధానివి అని అడుగుతారు, చెప్పండి. ఆ తర్వాత ఎవరు కొట్టారని మీరే వాళ్ళను అడగండి.